చెవిపోటు తగ్గింది సరే, చెవి బాగుపడిందా?

మీరు రాసిందంతా చదివాను. క్లుప్తంగా చెప్పుకుంటే విషయం ఇదీ. బాబుకి రెండున్నరేళ్లు. జలుబు చేసిన మూడో రోజో నాలుగో రోజో అర్ధరాత్రి చెవి పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తాడు. ఎనిమిది నెలల్లో ఇలా మూడుసార్లు జరిగింది. మొదటిసారి చూసిన డాక్టరు రెండు రోజులు ఆగి చూద్దామన్నారు. కిందటి నెల మూడోసారి వచ్చినప్పుడు తెల్లారేసరికి దిండు మీద చీము మరక కనిపించింది. ఈసారి చూసిన డాక్టరు వేరే ఆయన, అప్పటికప్పుడు యాంటీబయాటిక్ రాశారు. ఇద్దరిలో ఎవరు కరెక్టో తెలియక మీకు టెన్షన్. ఇంట్లో పెద్దవాళ్లు తలస్నానం మానిపించమంటున్నారు. చివరికి మీరు అడిగింది రెండు ముక్కలు: వీడికి వినికిడి పోతుందా, ఆపరేషన్ తప్పదా?

నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. పాతికేళ్లుగా నా పనిలో సగం పిల్లల చెవుల్లోకి తొంగిచూడడమే. ముందు తేలికైనవాటికి జవాబు చెప్పేస్తాను. ఆ డాక్టర్లిద్దరూ కరెక్టే, ఎందుకో కింద వివరిస్తాను. తలస్నానానికీ దీనికీ సంబంధం లేదు. ఒకసారి చీము కారినంత మాత్రాన చెవుడు రాదు. అలాగని వినికిడి గురించి మీకున్న బెంగను నేను తీసిపారెయ్యను. కాకపోతే బాబు ఏడ్చిన ఆ మూడు రాత్రుల కంటే, ఆ తర్వాత ఏ నొప్పీ లేకుండా గడిచిపోయిన వారాల గురించే నాకు ఎక్కువ ఆలోచన. మందు పడ్డాక ఏడుపు ఆగింది, జ్వరం పోయింది, మీరు మళ్లీ చెవి చూపించలేదు. చాలామంది తల్లిదండ్రులు అక్కడే ఆగిపోతారు.

మీ బాబుకి వచ్చేది మధ్య చెవి ఇన్‌ఫెక్షన్. దీన్ని చెవి జబ్బు అంటాం గానీ మొదలయ్యేది ముక్కు వెనకాల. కర్ణభేరికి లోపలివైపు చిన్న గాలి గది ఉంటుంది, అదే మధ్య చెవి. బయటి నుంచి దానికి దారి లేదు, కర్ణభేరి తలుపులా మూసేసి ఉంటుంది. గాలి అందాల్సింది ముక్కు వెనక భాగం నుంచి వచ్చే ఒక సన్నని గొట్టం ద్వారానే. పదహారో శతాబ్దంలో ఇటలీకి చెందిన బార్తొలొమియో యూస్టాకి దాన్ని వర్ణించాడు కాబట్టి యూస్టేషియన్ ట్యూబ్ అన్న పేరు నిలిచిపోయింది. మామూలప్పుడు అది మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడో ఆవలించినప్పుడో అంగిలి దగ్గరి కండరం లాగితే క్షణంపాటు తెరుచుకుంటుంది. విమానం దిగేటప్పుడు చెవిలో టప్‌మని వినపడుతుంది చూడండి, అది ఈ గొట్టం తెరుచుకున్న చప్పుడే.

పెద్దవాళ్లలో ఈ గొట్టం సుమారు 35 మిల్లీమీటర్ల పొడవుంటుంది, దాదాపు 45 డిగ్రీల వాలులో ముక్కువైపు దిగుతుంది. పసిపిల్లల్లో పొడవు అందులో సగమే, వాలు 10 డిగ్రీలు. అంటే ఇంచుమించు అడ్డంగా పడుకోబెట్టినట్టే. పైగా మెత్తన, దాన్ని తెరిచే కండరానికి ఇంకా బలం చాలదు. ఇవి చాలనట్టు గొట్టం మూతి పక్కనే ఎడినాయిడ్స్ ఉంటాయి. టాన్సిల్స్ లాంటి కణజాలమే, ముక్కు వెనక ఉంటుంది. చిన్నతనంలో అవి పెద్దవిగా ఉంటాయి, జలుబు చేస్తే ఇంకా ఉబ్బుతాయి, బ్యాక్టీరియా తిష్ట వేసేదీ అక్కడే.

జలుబు చేసినప్పుడు గొట్టం లోపలి పొర వాచి దారి మూసుకుపోతుంది. గదిలో మిగిలిన గాలిని చుట్టూ ఉన్న పొర మెల్లగా పీల్చేసుకుంటుంది, కొత్త గాలి రాదు. ఒత్తిడి తగ్గి కర్ణభేరి లోపలికి గుంజుకుంటుంది, పొరల్లోంచి నీరు ఊరుతుంది. ముక్కు వెనక మామూలుగానే కాపురముండే స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, మొరాక్సెల్లా కెటరాలిస్ అనే బ్యాక్టీరియా ఆ నిలవ నీటిలోకి చేరి పెరుగుతాయి. నీరు చీమవుతుంది, కర్ణభేరి ఈసారి బయటికి ఉబ్బుతుంది. భరించలేని పోటు అప్పుడు మొదలవుతుంది. జలుబు మొదలైన రోజున కాకుండా మూడో నాలుగో రోజున నొప్పి రావడానికి కారణం ఇదే. రాత్రిళ్లు ఎక్కువవడానికి కారణం పడుకోవడం, పడుకుంటే ఆ గదిలో ఒత్తిడి పెరుగుతుంది.

తలస్నానం సంగతి ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. కర్ణభేరి చిల్లు లేకుండా ఉన్నంతకాలం బయటి నుంచి పోసిన నీరు మధ్య చెవిలోకి వెళ్లలేదు. నీటివల్ల వచ్చేది వేరే జబ్బు, బయటి చెవి కాలువకు వచ్చే ఇన్‌ఫెక్షన్. ఈతకి వెళ్లే పిల్లల్లో చూస్తాం. చెవి రంధ్రం ముందుండే చిన్న మొనను నొక్కినా, చెవి దొప్పను లాగినా ప్రాణం పోయినట్టు అరిస్తే అది బయటి చెవిదే. మధ్య చెవి నొప్పి అలా నొక్కితే పెద్దగా పెరగదు.

ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు ఈ జబ్బు ఎక్కువ. మూడేళ్లు నిండేలోపు కనీసం ఒక్కసారైనా దీన్ని ఎదుర్కోని పిల్లలు తక్కువే, కాబట్టి మీ పెంపకంలో లోపం వెతుక్కోకండి. పదిమంది పిల్లలు కలిసే చోటికి వెళ్లేవాళ్లకి, ఇంట్లో బడికెళ్లే అన్నయ్యో అక్కో ఉన్నవాళ్లకి, చిన్నప్పుడు తల్లికో తండ్రికో ఇదే బాధ ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది. అంగిలి చీలికతో పుట్టిన పిల్లలు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల విషయం వేరు. వాళ్లలో గొట్టమే సరిగా పనిచేయదు కాబట్టి నొప్పి ఉన్నా లేకపోయినా చెవులు క్రమం తప్పకుండా చూపించాలి.

మాటలొచ్చిన పిల్లలు చెవి నొప్పి అని చెప్పేస్తారు. మాటలు రాని పసివాళ్లతోనే చిక్కు. పాలు పట్టబోతే నాలుగు గుక్కలు తాగి వదిలేసి ఏడవడం, పడుకోబెడితే ఏడ్చి ఎత్తుకుంటే ఊరుకోవడం, నిద్రలోంచి ఉలిక్కిపడి లేవడం, జ్వరం, ఒక్కోసారి వాంతులు, విరేచనాలు. చెవి లాక్కోవడాన్ని పెద్ద గుర్తుగా చెబుతుంటారు గానీ దాన్నొక్కదాన్నే నేను నమ్మను. పళ్లు వస్తున్నా లాక్కుంటారు, నిద్రొచ్చినా లాక్కుంటారు, తమకి చెవులున్నాయని కొత్తగా కనిపెట్టినా లాక్కుంటారు. జలుబు, జ్వరం, నిద్రలేమి తోడైతేనే దానికి అర్థం. ఇంకోటి, చెవి నొప్పి ప్రతిసారీ చెవిలోంచే వస్తుందని లేదు. పుచ్చిపన్ను, వాచిన టాన్సిల్ కూడా చెవిలో పోటు పుట్టిస్తాయి, నరాల దారి ఒకటే కాబట్టి.

డాక్టరు ఓటోస్కోప్‌తో చూసేటప్పుడు వెతకాల్సింది ఎరుపు కాదు, ఉబ్బు. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. కొత్తలో ప్రతి ఎర్రటి కర్ణభేరికీ యాంటీబయాటిక్ రాసేవాణ్ని. గట్టిగా ఏడ్చిన పిల్లాడికి మొహంతో పాటు కర్ణభేరి కూడా ఎర్రబడుతుంది, జ్వరం ఉన్నా ఎర్రబడుతుంది. నేను అలా మందులు రాసిన పిల్లల్లో ఎంతమందికి అసలు చెవి జబ్బే లేదో! చీము పట్టిన కర్ణభేరి బయటికి పొంగి, మెరుపు పోయి, మసకగా ఉంటుంది. గాలి ఊది చూస్తే కదలదు. అడ్డంగా గులిమి ఉంటే దాన్ని తీసి మరీ చూడాలి. చూడకుండా రాసిన మందు ఊహతో రాసిన మందే.

ఇక వైద్యం. మొదటి మందు యాంటీబయాటిక్ కాదు, నొప్పి మందు. ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలదు. యాంటీబయాటిక్ వేసినా మొదటి ఇరవై నాలుగు గంటల్లో నొప్పి మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. ఆ రాత్రి గట్టెక్కించేది పారాసెటమాల్, లేదా ఆరు నెలలు దాటిన పిల్లలకైతే ఐబుప్రోఫెన్. పారాసెటమాల్ ఒక్కో డోసుకి బిడ్డ బరువులో కిలోకి 15 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగు డోసులు మించకుండా. ఐబుప్రోఫెన్ కిలోకి 10 మిల్లీగ్రాములు, ఆరు నుంచి ఎనిమిది గంటలకొకసారి. మీ బాబు 12 కిలోలుంటే పారాసెటమాల్ 180, ఐబుప్రోఫెన్ 120 మిల్లీగ్రాములన్నమాట. వాంతులతో నీరసించిన బిడ్డకి ఐబుప్రోఫెన్ వద్దు. సీసా మీద ఎన్ని మిల్లీలీటర్లకి ఎన్ని మిల్లీగ్రాములో చదివి మరీ కొలవండి. పసివాళ్ల డ్రాప్స్ సీసాలో మందు చిక్కగా ఉంటుంది, సిరప్‌లో పల్చగా ఉంటుంది. ఒకదాని కొలత ఇంకోదానికి వాడి ప్రమాదం తెచ్చుకున్నవాళ్లని చూశాను. పిల్లలకి ఆస్పిరిన్ మాత్రం ఎప్పుడూ వద్దు, రేస్ సిండ్రోమ్ అనే అరుదైన ప్రాణాంతక జబ్బుకి దారితీయవచ్చు.

జ్వరం తగ్గినా నొప్పి ఉంటే మందు వెయ్యండి, అది జ్వరం మందు మాత్రమే అనుకోకండి. తల కాస్త ఎత్తులో ఉండేలా ఎత్తుకుని కూర్చుంటే ఉపశమనం ఉంటుంది. గోరువెచ్చని గుడ్డ చెవి మీద పెట్టొచ్చు. చెవి లోపల మాత్రం ఏమీ పొయ్యకండి. నూనె గానీ, ఆకు రసం గానీ, హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ కర్ణభేరికి అవతలున్న చీమును చేరలేవు. కర్ణభేరికి అప్పటికే చిల్లు పడి ఉంటే లోపలికి పోయి హాని చేస్తాయి. డాక్టరు చూసేటప్పుడు కర్ణభేరి కనపడకుండా అడ్డం కూడాను.

ఇప్పుడు ఆ ఇద్దరు డాక్టర్ల గొడవ తేల్చేద్దాం. ఏ యాంటీబయాటిక్ వాడకపోయినా రెండు మూడు రోజుల్లో అయిదుగురిలో సుమారు నలుగురు పిల్లలకి నొప్పి దానంతటదే తగ్గిపోతుంది. అనేక పరిశోధనల్ని కలిపి లెక్కవేసిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, ఒక బిడ్డకి రెండు మూడు రోజుల్లో అదనంగా నొప్పి తగ్గాలంటే దాదాపు ఇరవైమందికి యాంటీబయాటిక్ ఇవ్వాలి. పద్నాలుగు మందికి ఇస్తే ఒకరికి విరేచనాలో, వాంతులో, ఒంటి మీద దద్దుర్లో వస్తాయి. అనవసరంగా వాడిన ప్రతిసారీ మందుకి లొంగని బ్యాక్టీరియా తయారయ్యే ముప్పు ఎలాగూ ఉంది. అందుకే రెండేళ్లు దాటిన బిడ్డకి, లేదా ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు ఉండి ఒక్క చెవే పట్టిన బిడ్డకి, నొప్పి ఓ మోస్తరుగా ఉండి, జ్వరం 102 ఫారెన్‌హీట్ దాటకుండా, చీము కారకుండా ఉంటే నొప్పి మందుతో 48 నుంచి 72 గంటలు చూడడం సరైన వైద్యమే. మొదటి డాక్టరు చేసింది అదే. అయితే ఆగి చూడడం అంటే వదిలేయడం కాదు. గడువులోపు తగ్గకపోయినా, మధ్యలో ముదిరినా మందు మొదలుపెట్టేలా ముందే మాట్లాడుకుని ఉండాలి.

ఆరు నెలల లోపు పసివాళ్లు, రెండేళ్ల లోపు ఉండి రెండు చెవులూ పట్టినవాళ్లు, నొప్పి తీవ్రంగా ఉన్నా రెండు రోజులు దాటినా, జ్వరం 102 పైబడినా, చెవిలోంచి చీము కారుతున్నా ఆగే పని లేదు. మీ బాబుకి చీము వచ్చింది కాబట్టి రెండో డాక్టరు వెంటనే రాశారు. పిల్లాడు ఒకడే గానీ పరిస్థితులు వేరు.

మొదట ఎంచుకునే మందు సాధారణంగా అమాక్సిసిలిన్. చెవిలోకి చాలినంత చేరాలి కాబట్టి చాలాచోట్ల గొంతు నొప్పికిచ్చే దానికంటే పెద్ద డోసులో రాస్తారు. చీటీలో ఎక్కువ కనపడిందని మీరు తగ్గించెయ్యకండి. కిందటి నెల రోజుల్లో అదే మందు వాడి ఉన్నా, కళ్లు కూడా ఎర్రబడి పుసులు కడుతున్నా క్లావులనేట్ కలిసిన అమాక్సిసిలిన్ రాస్తారు, ఎందుకంటే కళ్లూ చెవీ కలిసి పట్టేది ఎక్కువగా హీమోఫిలస్ వల్ల. దానిలో మామూలు అమాక్సిసిలిన్‌ని విరగ్గొట్టే రకాలున్నాయి. పెన్సిలిన్ పడని పిల్లలకి వేరే మందులున్నాయి. రెండేళ్ల లోపువాళ్లకి సాధారణంగా 10 రోజులు, ఆపైన అయిదేళ్ల వరకు 7 రోజులు, ఇంకా పెద్దవాళ్లకి 5 నుంచి 7 రోజులు. రెండేళ్ల లోపు పిల్లల్లో 5 రోజులకే ఆపేస్తే సరిపోదని 2016లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మందు మొదలుపెట్టిన 48 నుంచి 72 గంటలకి కూడా మార్పు లేకపోతే మళ్లీ చూపించాలి, మందు మార్చాల్సి రావచ్చు. మిగిలిపోయిన సీసా దాచి వచ్చేసారికి వాడడం వద్దు.

జలుబు సిరప్‌లు, ముక్కు దిబ్బడ మాత్రలు, అలర్జీ మందులు? ఈ జబ్బుకి అవి పనిచెయ్యవు. ఏదో ఒకటి రాశామన్న తృప్తి తప్ప.

దిండు మీద చీము సంగతి. లోపల ఒత్తిడి తట్టుకోలేక కర్ణభేరికి చిన్న కన్నం పడి చీము బయటికొచ్చింది. ఒత్తిడి పోయింది కాబట్టి నొప్పి కూడా చప్పున తగ్గి ఉంటుంది, బాబు ఆ తెల్లవారుజామున హాయిగా నిద్రపోయి ఉంటాడు. మీరు దిండు చూసి హడలిపోయే సమయానికి వాడి కష్టం తీరిపోయిందన్నమాట. ఇలా పడిన కన్నం చాలామందిలో కొద్ది వారాల్లో దానంతటదే పూడిపోతుంది. ఆ రోజుల్లో మాత్రం స్నానానికి ముందు దూదికి వాజిలిన్ రాసి చెవి రంధ్రం దగ్గర ఉంచండి, ఈత మాన్పించండి. బయటికొచ్చిన చీము తుడవండి గానీ పుల్లలూ ఇయర్‌బడ్స్‌ లోపలికి పెట్టకండి. చుక్కల మందు అవసరమైతే కన్నమున్న చెవికి సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి సురక్షితం. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు లోపలి చెవిని దెబ్బతీసే అవకాశముంది. అందుకే ఇంట్లో ఉన్న పాత చుక్కల సీసా తీసి వెయ్యొద్దని అంటాను.

చీము రెండు వారాలు దాటి కారుతుంటే అది వేరే దశ. నొప్పి ఉండదు కాబట్టి కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి పట్టించుకోరు, పిల్లాడికి చెవి కారుతుంటుంది అని మామూలుగా చెప్పుకుంటారు. అలాంటి చెవికి శుభ్రం చేసి ఆరబెట్టడమే సగం వైద్యం, మిగతా సగం చుక్కలు. దుర్వాసనతో, కొద్దికొద్దిగా, ఎంతకీ ఆగకుండా కారుతుంటే కొలెస్టియటోమా ఉందేమో చూడాలి. చర్మం లోపలికి పెరిగి చుట్టూ ఎముకను తినేసే జబ్బు అది. దానికి ఆపరేషన్ ఒక్కటే దారి.

ఇప్పుడు నేను మొదట్లో అన్న ఆ నొప్పి లేని వారాల దగ్గరికి వద్దాం. ఇన్‌ఫెక్షన్ తగ్గాక కూడా గదిలో నీరు మిగిలిపోతుంది. రెండు వారాల తర్వాత చూస్తే నూటికి 60, 70 మంది పిల్లల చెవుల్లో నీరుంటుంది. నెలకి 40 మందిలో, మూడు నెలలకి 10 నుంచి 25 మందిలో ఉంటుంది. అది చీము కాదు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. కొందరిలో జిగురులా చిక్కబడుతుంది, అందుకే దానికి గ్లూ ఇయర్ అని పేరు. దీనివల్ల వినికిడి సగటున 25 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని అవతలి మనిషి మాటలు వినండి, దాదాపు అలా ఉంటుంది. గుసగుస వినపడదు, పక్కగదిలోంచి పిలిస్తే వినపడదు, మాటల్లో స, ష, త లాంటి మెత్తని హల్లులు జారిపోతాయి. పెద్దవాళ్లకి భాష ముందే తెలుసు కాబట్టి జారిన అక్షరాన్ని ఊహించుకుంటారు. రెండున్నరేళ్లవాడు భాషను నేర్చుకుంటున్నదే ఆ అక్షరాలతో.

దీన్ని పట్టుకోవడం ఎంత కష్టమో నా ఇంట్లోనే తెలిసింది. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు పిలిస్తే పలికేది కాదు, టీవీ సౌండ్ పెంచేది, బొమ్మల లోకంలో ఉండిపోయేది. మొండిపిల్ల అని నేనే చాలాసార్లు కోప్పడ్డాను. ఒకరోజు వెనక నుంచి తన పేరు పిలిస్తే కదల్లేదు, ఎదురుగా వెళ్లి అదే గొంతుతో పిలిస్తే నవ్వింది. అప్పుడు వెలిగింది. రెండు చెవుల్లోనూ నీరు. రోజంతా ఊళ్లోవాళ్ల పిల్లల చెవులు చూసే మనిషిని, మూడు నెలలుగా మా పిల్ల చెవి చూడలేదు! తర్వాత అది తనంతట తనే పోయింది. నా సిగ్గు మాత్రం పోలేదు.

కాబట్టి మీరు గమనించాల్సినవి ఇవీ. ఎదురుగా ఉన్నప్పుడు మాట వింటూ, వెనక నుంచి పిలిస్తే వినకపోవడం. ఆఁ, ఏంటి అని పదేపదే అడగడం. మాటలు స్పష్టంగా రాకపోవడం, వచ్చిన మాటలు అక్కడే ఆగిపోవడం. నడకలో ఊరికే తూలడం కూడా, ఎందుకంటే తూకం చూసేది చెవే. జలుబు ఉన్న రోజు బాగా వినకపోతే కంగారు పడకండి. జలుబు పోయిన రెండు వారాలకీ అలాగే ఉంటే చూపించండి.

నీరుందని తేలితే మొదట చేసేది మూడు నెలలు ఎదురుచూడడమే, ఎక్కువమందికి ఈలోపు పోతుంది. యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్స్, అలర్జీ మాత్రలు ఈ నీటిని తియ్యవు. ముక్కుతో బెలూన్ ఊదే సాధనం ఒకటుంది, నాలుగేళ్లు దాటి చెప్పినట్టు వినే పిల్లలకి కొంత ఉపయోగపడుతుంది, మీవాడికి ఇంకా వయసు చాలదు. ఈ మూడు నెలలూ బాబుతో మాట్లాడేటప్పుడు దగ్గరికెళ్లి, మొహం కనపడేలా కూర్చుని, టీవీ ఆపి మాట్లాడండి. పిచ్చి చిట్కాలా అనిపిస్తుంది గానీ మందులకంటే ఇదే మేలు. మూడు నెలలకీ నీరు నిలిచి ఉంటే వినికిడి పరీక్ష చేయిస్తారు. టింపనోగ్రామ్ అనే రెండు నిమిషాల పరీక్ష కూడా ఉంటుంది, నొప్పి ఉండదు. కాగితం మీద కొండలా గీత వస్తే గదిలో గాలి ఉన్నట్టు, చదునుగా వస్తే సాధారణంగా నీరున్నట్టు.

ఆపరేషన్ అంటే మీరు భయపడుతున్నది బహుశా గ్రోమెట్ గురించి. కర్ణభేరికి సూక్ష్మమైన గాటు పెట్టి, నీరు పీల్చేసి, చిన్న గొట్టం అమరుస్తారు. మత్తు ఇచ్చి చేసే చిన్న పని, చాలామంది అదే రోజు ఇంటికెళ్లిపోతారు. డబ్బాకి ఒకే కన్నం పెడితే లోపలిది సరిగా కారదు, రెండో కన్నం పెడితే గాలి ఆడి ధారగా వస్తుంది కదా. గ్రోమెట్ ఆ రెండో కన్నం. పనిచెయ్యని యూస్టేషియన్ ట్యూబుకి బదులు అది గాలి అందిస్తుంది, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు దానంతటదే ఊడి వచ్చేస్తుంది. ఈలోగా బిడ్డ పెరుగుతాడు, ముక్కు వెనక గొట్టమూ పెరుగుతుంది. అది ఊడిన చోట కొద్దిమందిలో కన్నం పూడకుండా మిగిలిపోవడం, కర్ణభేరి మీద తెల్లటి మచ్చ పడడం జరుగుతాయి. మచ్చ వల్ల వినికిడికి ఇబ్బంది అరుదు.

ఎవరికి పెడతారు? మూడు నెలలు దాటి రెండు చెవుల్లోనూ నీరు నిలిచి వినికిడి తగ్గినవాళ్లకి పెట్టడంలో నాకు సందేహం లేదు. మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వచ్చేవాళ్ల విషయంలోనే ఆచితూచి నడుస్తాను. ఆరు నెలల్లో మూడుసార్లు, లేదా ఏడాదిలో నాలుగుసార్లు వస్తే పదేపదే వచ్చే జబ్బు అని లెక్క. మీ బాబుకి ఎనిమిది నెలల్లో మూడు, అంటే గీతకి ఇవతలే ఉన్నాడు. పైగా 2021లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధనలో, ఆరు నుంచి ముప్పై అయిదు నెలల వయసు పిల్లల్లో గ్రోమెట్ పెట్టినవాళ్లకీ, వచ్చినప్పుడల్లా మందులతో నెట్టుకొచ్చినవాళ్లకీ రెండేళ్లలో ఇన్‌ఫెక్షన్ల సంఖ్యలో పెద్ద తేడా రాలేదు. ఇన్‌ఫెక్షన్‌కీ ఇన్‌ఫెక్షన్‌కీ మధ్య చెవి శుభ్రంగా ఆరుతున్న బిడ్డకి నేను తొందరపడను. మధ్యలో కూడా నీరు నిలుస్తుంటే నా ఆలోచన మారుతుంది. ఎడినాయిడ్స్ తీయడం గురించి, ముక్కు పూర్తిగా మూసుకుపోవడం లాంటి ఇబ్బంది లేనంతవరకు, నాలుగేళ్లు దాటాకే మాట్లాడుకుంటాం.

నివారణ గురించి నిజం చెబుతాను, పూర్తిగా ఆపగలిగేది ఏదీ లేదు. కొన్ని మాత్రం ఖాయంగా తగ్గిస్తాయి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే అన్నిటికంటే ముందు దాని సంగతి చూడండి. బాల్కనీలోకెళ్లి తాగొచ్చినా బట్టలకి పొగ అంటుకునే వస్తుంది. న్యుమోకాకల్ టీకా, ఆరు నెలల నుంచి ఏటేటా ఫ్లూ టీకా వేయించండి. టీకా వల్ల మొత్తం కేసుల్లో తగ్గుదల ఓ మోస్తరే, కానీ మెదడు పొరల వాపు, న్యుమోనియా లాంటి ప్రమాదాల్ని ఆపేది కూడా అదే కాబట్టి తర్జనభర్జన అక్కర్లేదు. మొదటి ఆరు నెలలూ తల్లిపాలే తాగిన పిల్లల్లో ఈ జబ్బు తక్కువ. మీవాడికి ఆ వయసు దాటింది, తర్వాతి బిడ్డకి పనికొస్తుంది. సీసా పాలు పట్టేవాళ్లు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, తల ఎత్తుగా ఉంచి పట్టాలి. మంచంలో సీసా నోట్లో పెట్టి వదిలేయడం అసలే వద్దు. నోట్లో రబ్బరు పీక పెట్టే అలవాటు ఆరు నెలల తర్వాత తగ్గించండి. చేతులు కడుక్కోవడం గురించి కొత్తగా చెప్పేదేముంది. ముక్కు చీదేటప్పుడు ఒక్కో రంధ్రం విడిగా, మెల్లగా చీదడం నేర్పండి. రెండూ మూసి గట్టిగా చీదితే ముక్కులోది చెవిలోకి ఎక్కుతుంది. ముక్కు దిబ్బడకి సెలైన్ చుక్కలు చాలు.

ఇన్ని మాటల మధ్య ఇది మరుగున పడకూడదు. చెవి వెనక ఎముక మీద ఎర్రగా వాచి, చెవి దొప్ప ముందుకి తోసినట్టు కనిపిస్తే అది మాస్టాయిడైటిస్, ఆ గంటే ఆసుపత్రికి. మూతి ఒక పక్కకి వంకర పోయినా, మెడ బిగుసుకున్నా, మగతగా పడిపోయి లేపితే సరిగా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఆగకుండా కళ్లు తిరిగి వాంతులవుతున్నా అంతే. మూడు నెలల లోపు పసిబిడ్డకి 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే కారణం చెవి అయినా కాకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఇవి అరుదు, అయినా గుర్తుపెట్టుకోండి.

మీ విషయంలో ఇప్పుడు చెయ్యాల్సిన పని ఒకటే. జలుబు లేని రోజు చూసుకుని, ఏ నొప్పీ లేకపోయినా సరే, బాబుని తీసుకెళ్లి చెవులు చూపించండి. కన్నం పూడిందా, రెండు చెవుల్లో ఎక్కడైనా నీరు నిలిచిందా అని సూటిగా అడగండి. నీరు లేదంటే వచ్చే జలుబుదాకా మీరు నిశ్చింతగా ఉండొచ్చు. ఉందంటే ఆ తేదీ రాసిపెట్టుకోండి, మూడు నెలల లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. ఈలోగా ఒక సాయంత్రం బాబు ఆటలో మునిగి ఉన్నప్పుడు నాలుగడుగుల వెనక నిలబడి, నెమ్మదైన గొంతుతో వాడి పేరు పిలిచి చూడండి.